వేళ్లతో కొలిచే వాన



తిరుత్తణి కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి గుడికి 365 మెట్లని పెద్దలు లెక్క చెబుతారు. ఏడాదిలో రోజుకొక మెట్టు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు కావడి భుజాన వేసుకుని ఆ మెట్లన్నీ ఎక్కుతారు. ఎక్కలేనివాళ్లు బండి దారిన పైకి చేరతారు. మెట్లెక్కి రాలేదు కదా అని గుళ్లో ఎవరికీ సగం దర్శనం చేయించి పంపరు. బళ్లో పాఠం కూడా ఇలాగే ఉండాలని నా మనవి. కానీ ప్రత్యేక అవసరాలున్న పిల్లల దగ్గరికి వచ్చేసరికి మనం రెండో దారి వెయ్యడం మానేసి పాఠాన్నే కోసేస్తున్నాం. చూపు లేని బిడ్డకు పక్షుల పాఠం ఎందుకంటాం. నడవలేని బిడ్డను చెరువు చూడ్డానికి తీసుకుపోం. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న బిడ్డకు పర్యావరణం లాంటి పెద్ద మాటలు ఇప్పుడే ఎందుకు, తర్వాత చూద్దాం అంటాం. ఆ తర్వాత అనేది ఎన్నటికీ రాదు. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండిపోతాయి.

ఈ పిల్లలకు పర్యావరణ విద్య ఎలా నేర్పాలి, అసలు ఎందుకు నేర్పాలి అన్నదే ఈ పూట నేను మాట్లాడబోయే విషయం. తిరువళ్లూరు జిల్లాను, అందులోనూ తిరుత్తణి ప్రాంతాన్ని కళ్ల ముందు పెట్టుకుని మాట్లాడతాను. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న పుట్టిన ఊరు తిరుత్తణి. ఆయన పుట్టినరోజునే 1962 నుంచి దేశమంతా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంతవరకు చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు జరిగింది గాని ఇళ్లలో మాట జరగలేదు. తిరుత్తణి, పళ్లిపట్టు, పొదటూరుపేట వైపు నేటికీ ఎన్నో ఇళ్లలో అమ్మ తిట్టేదీ లాలించేదీ తెలుగులోనే. బడి మాత్రం తమిళంలో సాగుతుంది. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, దీని మాట మళ్లీ ఎత్తుకుంటాను.

చట్టాల మాట క్లుప్తంగా చెబుతాను. 1991 నవంబరు 22న ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బళ్లలో, కళాశాలల్లో తప్పనిసరి పాఠ్యాంశం చెయ్యాలని చెప్పింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతానికి తగ్గని వైకల్యమున్న ప్రతి బిడ్డకూ 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. అంటే అందరికీ పర్యావరణం నేర్పమని ఒకటి, ఈ పిల్లలందరికీ చదువు చెప్పమని మరొకటి. రెండూ పుస్తకాల్లో పదిలంగానే ఉన్నాయి. రెండూ కలిసి ఒక బిడ్డ పలక మీదికి రావలసిన చోటే ఖాళీ కనిపిస్తోంది.

ఆ ఖాళీ ఎందుకు వచ్చిందో నాకు తోచింది చెబుతాను. పర్యావరణం అంటే చదివి, అప్పజెప్పి, పరీక్ష రాసే విషయం అని మనం ఖాయం చేసుకున్నాం. ఓజోను పొర, హరితగృహ వాయువులు, ఆహారపు గొలుసు, ఇవీ మన ప్రశ్నపత్రాలు. 1977లో టిబిలిసిలో ప్రపంచ దేశాలు కూడి పర్యావరణ విద్యకు లక్ష్యాలు రాసుకున్నాయి. స్పృహ, తెలివిడి, మనోభావం, నేర్పు, పాలుపంచుకోవడం అని అయిదు చెప్పారు. ఆ అయిదింటిలో మన పరీక్ష అడిగేది తెలివిడి ఒక్కదాన్నే. మిగిలిన నాలుగూ మాటలు సరిగా రాని బిడ్డకూ సాధ్యమే. ఈ పిల్లల్లో చాలామంది ఆ నాలుగింటిలో మనకంటే ముందుంటారు. చెట్టు కింద గంటసేపు కదలకుండా కూర్చుని ఆకులు రాలడం చూసే పిల్లలు వీళ్లలోనే ఎక్కువ కనిపిస్తారు. వాళ్లను చెయ్యి పట్టుకుని లేపి, గదిలోకి తీసుకెళ్లి, ఆకు బొమ్మకు రంగు వెయ్యమంటున్నాం.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. ఈ పిల్లల విషయంలో పర్యావరణం చివర్లో తగిలించే పాఠం కాదు. అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ముట్టుకోవచ్చు, వాసన చూడవచ్చు, రుచి చూడవచ్చు, రేపు మళ్లీ వచ్చి ఏం మారిందో తడిమి చూడవచ్చు. మరే పాఠానికీ ఇన్ని తలుపులు లేవు.

మద్రాసులోనే విజయ్ హ్యూమన్ సర్వీసెస్ సంస్థలో జయచంద్రన్, విమల అనే ఇద్దరు నిపుణులు బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లల కోసం ఒక కొలమానం తయారుచేశారు. మద్రాసు డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్ అని దాని పేరు. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన టీచర్లకు బాగా తెలిసినదే. 18 విభాగాలు, ఒక్కో విభాగంలో 20 పనులు, మొత్తం 360. కాళ్ల, చేతుల కదలికలు, తిండి, స్నానం, బట్టలు, మాట, లెక్క, కాలం, డబ్బు, ఇంటిపని, ఊళ్లో మసలుకోవడం, చేతివృత్తి, ఇలా సాగుతుంది ఆ పట్టిక. ఒక తోటకూర మడిని ఆ బిడ్డకు అప్పగించి చూడండి. ఆ 18 విభాగాల్లో సగానికి పైగా మడి గట్టు మీదే నేర్పవచ్చు. వంగి లేవాలి, చెంబు పట్టాలి, మోతాదు తెలియాలి, పొద్దునా సాయంత్రమా అన్నది గుర్తుండాలి, చేతులు కడుక్కోవాలి, కోసిన ఆకు కట్ట కట్టాలి, వంటామెకు ఇచ్చి రావాలి.

మొక్కకు నీళ్లు పోయడమనే ఒక్క పనినే దగ్గరగా చూద్దాం. మనకు అది ఒకే పని. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పదేళ్ల బిడ్డకు అందులో ఆరు పనులున్నాయి. చెంబు ఉన్న చోటికి వెళ్లి తీసుకోవాలి. తొట్టి దగ్గరికి రావాలి. ముంచాలి. ఒలక్కుండా మొయ్యాలి. మొక్క మొదట్లో పొయ్యాలి. చెంబు తీసిన చోటే పెట్టాలి. ఆరూ ఒక్కసారి చెబితే బిడ్డ మూడో పని దగ్గరే ఆగిపోయి నీళ్లతో ఆడుకుంటాడు. టీచరు విసుక్కుంటారు. వీడికి రాదు అని తీర్మానమైపోతుంది.

నేర్పు తెలిసిన టీచరు తిరగేసి మొదలుపెడతారు. మొదటి అయిదు పనులూ బిడ్డ చెయ్యి పట్టుకుని తానే చేయిస్తారు. చివరిది, అంటే చెంబు తిరిగి పెట్టడం ఒక్కటే బిడ్డకు వదిలేస్తారు. చెంబు పెట్టగానే పని పూర్తయింది. భుజం తట్టి మెచ్చుకుంటారు. రోజూ ఆ బిడ్డ పనిని ముగించినవాడుగానే ఇంటికి వెళ్తాడు. అది బాగా అలవాటైన తర్వాత చివరి రెండు పనులు వదులుతారు. ఆ తర్వాత మూడు. ఇలా వెనక నుంచి ముందుకు వస్తూ ఒకనాటికి చెంబు దగ్గరికి తనంతట తానే నడిచే రోజు వస్తుంది. నెల పట్టవచ్చు, మూడు నెలలు పట్టవచ్చు. మొక్క ఎదగడానికీ అంతే పడుతుంది కాబట్టి తొందర లేదు.

చెంబు రెండు వైపులా పిడి ఉన్నదైతే చేతులు వణికే బిడ్డకు పట్టు దొరుకుతుంది. చెంబు లోపల గీత గీసి అంతవరకే ముంచమంటే మోతాదు తెలుస్తుంది. ఇందులో పర్యావరణం ఏముంది అంటారేమో. పోసే ముందు వేలిని మట్టిలో మొదటి కణుపు దాకా గుచ్చి చూడమనండి. తడిగా తగిలితే ఈ పూట నీళ్లు వద్దు, పొడిగా తగిలితే కావాలి. ఆ నిర్ణయం బిడ్డ తీసుకోవాలి. నీళ్లను అనవసరంగా ఖర్చు చెయ్యకూడదని ఉపన్యాసం విన్న పిల్లవాడికంటే, వేలు గుచ్చి చూసి చెంబు వెనక్కి తీసుకెళ్లిన పిల్లవాడికి ఆ పాఠం బాగా వచ్చినట్టు లెక్క.

చక్రాల కుర్చీలో కూర్చునే బిడ్డకు నేల మీది మడి అందదు. రెండడుగుల ఎత్తున ఇటుకలు పేర్చి, మట్టి నింపి, కింద కుర్చీ పాదాలు దూరేంత సందు వదిలితే అందుతుంది. ఈ ఊళ్లలో ఇటుకకు కరువు లేదు. తాపీ పని తెలిసిన తండ్రులకూ కరువు లేదు. ఎవరైనా ఒకరు అడగాలి, అంతే.

ఇక వాన. తిరువళ్లూరు జిల్లాకు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. బడి నడిచే రోజులే కాబట్టి ఆ మూడు నెలలూ పాఠంగా వాడుకోవచ్చు. నిలువు గోడల పాలపొడి డబ్బా ఒకటి ఆరుబయట, చెట్టు నీడ పడని చోట పెట్టండి. వాతావరణ శాఖ వాన లెక్క తీసుకునేది పొద్దున ఎనిమిదిన్నరకు. మనమూ అదే వేళకు తీద్దాం. ఎండు వెదురు పుల్లను డబ్బాలో నిలువుగా ముంచి తియ్యాలి. చూపు లేని బిడ్డ పుల్లను వేళ్లతో తడుముతాడు. తడిసిన మేర చల్లగా తగులుతుంది, పైన పొడిగా ఉంటుంది. ఆ హద్దు దాకా దారం కొలిచి కత్తిరించాలి. గోడకు వరసగా మేకులు కొట్టి ఉంచి, ఆ రోజు దారాన్ని ఆ రోజు మేకుకు కట్టాలి. వాన లేని రోజు మేకుకు ఒక ముడి మాత్రం.

డిసెంబరు నెలాఖరుకు గోడ నిండా దారాలు వేలాడతాయి. చూపున్నవాళ్లు కాగితం మీద గీసుకునే పటం అది. ఈ బిడ్డ అరచేత్తో నిమిరి చదువుతాడు. ఏ వారం ఎక్కువ కురిసింది, ఏ వారం ఎండింది అన్నది అతనే క్లాసుకు చెబుతాడు. లెక్కలు రాని బిడ్డకు అన్నిటిలోకీ పొడుగు దారం ఏదో తెలుస్తుంది. లెక్క వచ్చిన బిడ్డ స్కేలు పెట్టి కొలుస్తాడు, సెంటీమీటరంటే పది మిల్లీమీటర్లు అని అక్కడే నేర్చుకుంటాడు. వినికిడి లేని అమ్మాయి పక్కన మేఘం బొమ్మ గీస్తుంది. ఒకే డబ్బా, ఒకే వాన. ఎవరి పని వాళ్లకుంది. ఇంకో సంగతి గమనించండి. ఈ గోడ మామూలు పిల్లలకూ బాగా అర్థమవుతుంది. ఈ పిల్లల కోసం వేసిన దారి అందరికీ పనికొస్తుందని అనుభవమున్న టీచర్లు ఊరికే అనరు.

దారాల గోడ నుంచి పూండి జలాశయం దాకా పాఠాన్ని సాగదీయవచ్చు. కుశస్థలి నది మీద 1944లో కట్టారు దాన్ని. అంతకుముందు మద్రాసు మేయరుగా పనిచేసిన సత్యమూర్తి పేరు పెట్టుకున్నారు. కృష్ణ నీళ్లు కూడా అక్కడికే వస్తాయి. మద్రాసు దాహం తీర్చడానికి ఎన్టీ రామారావు, ఎంజీ రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు 1983లో ఒప్పందం కుదిరింది. శ్రీశైలంలో బయల్దేరిన నీళ్లు సోమశిల, కండలేరు దాటుకుంటూ వచ్చి, ఆంధ్ర వైపు 152 కిలోమీటర్లు, తమిళనాడు వైపు 25 కిలోమీటర్ల కాలువలో పారి పూండి చేరతాయి. 1996లో మొదటిసారి వచ్చాయి. ఈ కథను పటంలో చూపిస్తే మన పిల్లల్లో సగం మందికి అందదు. బడి ఆవరణలో ఇసుక పోసి, పై చివర గుట్ట, కింది చివర గుంట చేసి, మధ్యలో వేలితో కాలువ తీయించండి. గుంట దగ్గర ఒక బిడ్డ చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. గుట్ట మీద ఇంకొకరు నీళ్లు పోస్తారు. మధ్యలో ఒక పిల్ల కాలువకు అడ్డంగా ప్లాస్టిక్ కవరు పడేస్తే నీళ్లు చేరవు. కవరు తీస్తే చేరతాయి. చేతికి నీళ్లు తగిలిన ఆ క్షణంలో బిడ్డ ముఖం చూడండి. ఇంతకంటే వివరణ ఏమీ అక్కర్లేదు.

తర్వాత పూండికి నిజంగానే తీసుకెళ్లండి. అయితే వెళ్లే ముందు టీచరు ఒక్కరే ఒకసారి వెళ్లి చూసి రావాలి. మరుగుదొడ్డి ఎక్కడుంది, కుర్చీ ఎంత దూరం దొర్లుతుంది, నీడ ఎక్కడుంది, నీటి అంచుకు కంచె ఉందా లేదా అన్నది ముందే తెలియాలి. ఈ నాలుగూ చూసుకోకపోవడం వల్లే చాలా ప్రయాణాలు పిల్లలకు భయంగా, తల్లులకు చేదుగా మిగిలిపోతున్నాయి. తల్లి ఒకసారి భయపడితే రెండోసారి పంపదు.

జిల్లాకు తూర్పు అంచున పులికాట్ సరస్సు ఉంది. ఎక్కువ భాగం ఆంధ్రలోనూ కొంత ఇక్కడా పరుచుకున్న ఉప్పునీటి కయ్య. చలికాలంలో రాజహంసలు వస్తాయని అందరమూ చెప్పుకుంటాం. చూపు లేని బిడ్డకు దూరాన నిలబడిన రాజహంసతో పని లేదు. ఒడ్డున దొరికే గవ్వలు, ఆల్చిప్పలు ఉన్నాయి. గీరాట్ వెర్మే అని ఒక శాస్త్రవేత్త ఉన్నారు. 1946లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. మూడేళ్లు నిండేసరికి పూర్తిగా చూపు పోయింది. చిన్నప్పుడే కుటుంబం అమెరికాకు వెళ్లింది. అక్కడి బళ్లో ఒక టీచరమ్మ ఫ్లోరిడా సముద్రతీరం నుంచి తెచ్చిన గవ్వలను తరగతి కిటికీ దగ్గర పేర్చింది. ఆ పిల్లవాడు వాటిని చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక్కో గవ్వకూ ఉన్న మెలికలు, గాట్లు, నునుపు వేళ్లకు తగిలాయి. పెద్దయ్యాక ఆయన గవ్వలను, వాటి శిలాజాలను చదివే ప్రపంచ ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త అయ్యారు. పీతలు విరగ్గొట్టబోతే తప్పించుకున్న నత్త గుల్ల మీద మానిన గాటు ఉంటుంది. అలాంటి ఆనవాళ్లను ఆయన వేళ్లతోనే పట్టుకుని, వేటాడే ప్రాణికీ వేటకు గురయ్యే ప్రాణికీ మధ్య కోట్ల సంవత్సరాలుగా సాగిన పోరాటాన్ని చదివారు. ఆ టీచరమ్మ ప్రత్యేక విద్యలో నిపుణురాలేమీ కాదు. గవ్వలు తెచ్చి అందరికీ అందే చోట పెట్టింది. పులికాట్ మనకు ఒక పూట ప్రయాణం దూరంలో ఉంది. అడగవలసినవాళ్లను అడిగి, ఒక సంచెడు ఖాళీ గవ్వలు తెచ్చి బల్ల మీద పెట్టడం కష్టమేమీ కాదు.

అయితే ముట్టుకోవడం అందరికీ ఇష్టంగా ఉండదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి తడిమట్టి చేతికి తగిలితే ఒళ్లంతా ముడుచుకుపోతుంది. వానపాముల ఎరువు గుంటలో చెయ్యి పెట్టమంటే కేకలు పెడతారు. మొండితనం అనుకోకండి. వాళ్లకు ఆ స్పర్శ మనకంటే చాలా గట్టిగా తగులుతుంది. బలవంతం చేసిన రోజు నుంచి ఆ బిడ్డకు తోట అంటేనే భయం పట్టుకుంటుంది. చేతికి తొడుగు ఇవ్వండి, లేదా పొడవాటి గరిటె ఇవ్వండి. అదీ వద్దంటే తడిచెత్తను, పొడిచెత్తను రెండు రంగుల డబ్బాల్లోకి వేరుచేసే పని ఇవ్వండి. క్రమం, వరస, ఒకే పని మళ్లీ మళ్లీ చెయ్యడం వాళ్లలో చాలామందికి ఇష్టం. ఏ డబ్బాలో ఏది పడాలో ఒకసారి పట్టుబడితే, తప్పు డబ్బాలో వేసిన హెడ్మాస్టరును కూడా వదిలిపెట్టరు. ఆ పట్టుదల బడికి అవసరమైనదే.

వాసనల తోట గురించి ఒక్క మాట. తులసి, కరివేపాకు, వాము ఆకు, నిమ్మగడ్డి, పుదీనా, మల్లె. ఆరు కుండీలు దారికి ఒక పక్కన ఎప్పుడూ అదే వరసలో పెడితే చూపు లేని బిడ్డకు అవే దారి చూపుతాయి. నిమ్మగడ్డి వాసన వచ్చిందంటే భోజనాల గది దగ్గరపడిందని అర్థం.

ఇందాక ఇంటి భాష మాట అన్నాను. మామూలు పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం మాట్లాడుతూ రెండింటినీ సునాయాసంగా మోస్తారు. రెండు భాషలు వాళ్లకు సంపద. మాట ఆలస్యంగా వచ్చిన బిడ్డకు, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న బిడ్డకు మాత్రం మొదటి మెట్టు ఇంటి మాటతోనే పడాలి. అమ్మ, అవ్వ పెరట్లో ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతోనే మొక్కను పరిచయం చెయ్యాలి. ఆ పునాది గట్టిపడ్డాక తమిళ పేరు దాని పక్కన చేరుతుంది. తమిళంలో పిలిస్తే పలకలేదు కాబట్టి బిడ్డకు ఏమీ తెలియదని కాగితం మీద రాసేసే ముందు, తెలుగులో ఒకసారి అడిగి చూడండి. తెలుగు వచ్చిన టీచరు లేకపోతే తల్లిని వారానికి ఒక పూట క్లాసులో కూర్చోబెట్టండి. పెరటి మొక్కల గురించి ఆమెకు తెలిసినంత మన పుస్తకాల్లో ఉండదు.

చేతిపని గురించి ఇప్పుడు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే 14 రకాల ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం ఉంది. 2021 డిసెంబరులో ప్రభుత్వం పసుపు సంచిని మళ్లీ చేతపట్టమని ఉద్యమం మొదలుపెట్టింది. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే ఆ గుడ్డ సంచి మనకు కొత్తేమీ కాదు. తిరుత్తణి చుట్టుపక్కల పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం, పళ్లిపట్టు మగ్గాల ఊళ్లు. గుడ్డ ఉంది, కుట్టే చేతులున్నాయి. సంచి కుట్టడంలో గుడ్డ మడవడం, గీత వెంట కత్తిరించడం, అచ్చు వెయ్యడం, తాడు దూర్చడం, పదేసి చొప్పున కట్టలు కట్టడం, ఇన్ని చిన్న పనులున్నాయి. పదిహేనేళ్లు దాటిన మన పిల్లల్లో ఒక్కొక్కరికీ వీటిలో ఏదో ఒకటి కుదురుతుంది. ఆ సంచిని దయతో కొనేవాళ్లు ఒకసారి కొంటారు. కుట్టు గట్టిగా ఉంటే కిరాణా కొట్టు ప్రతి నెలా కొంటుంది. కాబట్టి కుట్టు గట్టిగా ఉండేలా నేర్పాలి. బాగాలేని సంచిని పక్కన పెట్టి, ఎందుకు బాగాలేదో బిడ్డకు చూపించి, మళ్లీ కుట్టించడం ఆ బిడ్డను గౌరవించడమే.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో 1991లో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. పుట్టుకతో చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి వీల్లేదంటే న్యాయపోరాటం చేసి సీటు తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. వక్క చెట్టు ఆకులతో పళ్లేలు, పర్యావరణానికి హాని చెయ్యని ప్యాకింగు సరుకు అక్కడ తయారవుతుంది. అక్కడ పనిచేసేవాళ్లలో ఎందరో వైకల్యమున్నవాళ్లు. భూమికి మేలు చేసే పని, ఈ బిడ్డల బతుకుతెరువు ఒకే చోట కుదురుతాయనడానికి తెలుగునాట కళ్ల ముందున్న సాక్ష్యం అది.

ప్రాణానికి సంబంధించిన పాఠం ఒకటుంది. 2015లో వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ఈ జిల్లాను ఎంత ముంచాయో మీకు తెలుసు. వేసవిలో ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. వరద వచ్చినప్పుడు మైకు చాటింపు వినికిడి లేని బిడ్డకు చేరదు. కరెంటు తీగ తెగిపడిందని చూపు లేని బిడ్డకు తెలియదు. దాహం వేస్తోందని, కళ్లు తిరుగుతున్నాయని మాట రాని బిడ్డ చెప్పలేడు. కాబట్టి ఎండకూ వానకూ సంబంధించిన నాలుగైదు బొమ్మల కార్డులు మెడలో వేలాడే తాడుకు కట్టి ఉంచాలి. నీళ్లు కావాలి, తల తిరుగుతోంది, అమ్మ దగ్గరికి వెళ్లాలి, ఇలాంటివి. వర్షాకాలానికి ముందే, గంట కొట్టినా ఎర్రజెండా ఊపినా ఎత్తైన గదిలోకి వెళ్లడం ఆటగా పదిసార్లు ఆడించాలి. ఎప్పుడో ఒకసారి చెబితే సరిపోదు. ఈ పిల్లలకు అలవాటైనదే ఆపదలో అక్కరకొస్తుంది. విపత్తుల్లో వీళ్లకు సమాన రక్షణ ఇవ్వాలని 2016 చట్టంలోనే ఉంది. పంచాయతీ తుపాను జాబితాలో ఏ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్నాడో రాసిపెట్టుకోవాలి.

ఇన్ని చెప్పాను, ఇవన్నీ చేసేదెవరు? బ్లాకు వనరుల కేంద్రాల (బీఆర్‌సీల) నుంచి ఊరూరూ తిరిగే స్పెషల్ టీచర్లను చూస్తున్నాం. ఒక్కొక్కరి చేతిలో ఎన్నో బళ్లు, ఎన్నో ఇళ్లు. బడికి రాలేని బిడ్డ దగ్గరికి ఇంటికే వెళ్లి నేర్పుతున్నారు. వాళ్ల మీదే ఇంకొక బరువు పెట్టమని నేను అడగడం లేదు. తోట, వాన డబ్బా, చెత్త డబ్బాలు మామూలు తరగతి టీచరు చేతిలో ఉండాలి. స్పెషల్ టీచరు వచ్చిన రోజు ఏ బిడ్డకు ఏ పని ఎలా మార్చాలో చెబితే చాలు. పక్క బెంచీ పిల్లవాడు తోడుంటాడు. చెప్పడానికి సిగ్గుపడాల్సింది ఒకటుంది. జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు మొక్క నాటేటప్పుడు ఈ బిడ్డల చేత మొక్క పట్టించి ఫొటో తీసుకుని, ఆ మొక్కకు మర్నాటి నుంచి నీళ్లు పోసే పనిని వేరేవాళ్లకు ఇస్తున్నాం. ఫొటో లేకపోయినా ఫరవాలేదు. ఆ పని ఆ బిడ్డకివ్వండి.

హెడ్మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే. ఈసారి మీ బళ్లో ఎకో క్లబ్బు పేర్లు రాసేటప్పుడు ప్రత్యేక అవసరాలున్న పిల్లల పేర్లు ముందు రాయండి. ఒక్కొక్క పేరు పక్కన ఆ బిడ్డ రోజూ చెయ్యవలసిన ఒక పని రాయండి, ఆ పని చెయ్యకపోతే ఎవరో ఒకరు అడిగేలా చూడండి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ పేరు ఆ జాబితాలో ఉందో లేదో వెళ్లి అడగండి. లేకపోతే రాయించి రండి.